కండరాల క్షీణత వ్యాధి: రక్త పరీక్ష ఏమి చెబుతుంది? ఏమి చెప్పదు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల నుండి పిల్లలను ఆసుపత్రికి తీసుకువచ్చే తల్లిదండ్రులలో కొందరి చేతిలో అప్పటికే ఒక రక్త పరీక్ష రిపోర్టు ఉంటుంది. అందులో ఒక అంకె చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంటుంది. "ఇది 200 లోపల ఉండాలంట, మా వాడికి 15,000 వచ్చింది, ఇది తగ్గడానికి మందు ఉందా?" అని అడుగుతారు. కొంత కాలం గడిచాక వారిలో కొందరు, "అంకె సగానికి సగం తగ్గింది, వ్యాధి నయమవుతున్నట్టే కదా?" అని ఆశగా అడుగుతారు.

ఈ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు తెలియకపోతే కుటుంబం చాలా నష్టపోతుంది. డబ్బు పోతుంది, విలువైన కాలం పోతుంది. ఆ ఇంటిలో పుట్టబోయే మరో బిడ్డ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త కూడా తప్పిపోతుంది. అందువలన వంశపారంపర్యంగా వచ్చే కండరాల క్షీణత వ్యాధిలో రక్త పరీక్షలు దేనికి ఉపయోగపడతాయో, దేనికి ఉపయోగపడవో ఇక్కడ వివరంగా తెలుసుకుందాం.

ఏమిటీ వ్యాధి?

కండరాలు క్రమంగా బలహీనపడి కరిగిపోయే జబ్బులను కలిపి మస్క్యులర్ డిస్ట్రఫీ అంటారు. ఇవి చాలా రకాలు. పిల్లలలో ఎక్కువగా కనిపించేది డుషేన్ రకం. 1860ల్లో దీనిని వివరంగా వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు డుషేన్ పేరుతోనే దీనిని పిలుస్తున్నారు. సుమారు 3,500 నుండి 5,000 మంది మగ శిశువులలో ఒకరికి ఇది వస్తుంది. ఆడపిల్లలలో చాలా అరుదు.

బిడ్డ పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించదు. నడక ఆలస్యమవుతుంది. మూడు, నాలుగు ఏళ్ళకు ఈ లక్షణాలు బయటపడతాయి:

– తరచుగా పడిపోవడం, తోటి పిల్లలతో సమానంగా పరుగెత్తలేకపోవడం.
– మునివేళ్ళ మీద నడవడం.
– మెట్లు ఎక్కడానికి కష్టపడడం.
– నేల మీద కూర్చున్నవాడు లేవడానికి చేతులు మోకాళ్ళ మీద, తొడల మీద ఆనించుకుని పైకి లేవడం.
– పిక్కలు లావుగా, గట్టిగా కనిపించడం. "పిల్లవాడు బలంగా ఉన్నాడు" అని పెద్దలు మురిసిపోయేది ఈ పిక్కలను చూసే.

వైద్యం అందకపోతే పది, పన్నెండేళ్ళ ప్రాంతంలో నడక ఆగిపోతుంది. తరువాత ఊపిరి కండరాలు, గుండె కండరం కూడా బలహీనపడతాయి. ఇదే జాతికి చెందిన బెకర్ రకం మాత్రం కాస్త ఆలస్యంగా మొదలై నెమ్మదిగా పెరుగుతుంది.

కండరంలో జరిగేది ఏమిటి?

మదనపల్లె టమోటా మార్కెట్టు మనందరికీ తెలిసిందే. క్రేట్లు గట్టిగా ఉంటే కాయలు లారీలో ఎంత దూరమైనా చెక్కు చెదరకుండా వెళతాయి. క్రేటు పుచ్చిపోయి ఉంటే, లారీ గుంతలో పడిన ప్రతిసారీ కాయలు నలిగి రసం లారీ అడుగున కారుతుంది.

మన కండరంలోని ప్రతి కణానికీ చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర చిరిగిపోకుండా లోపలి నుండి పట్టి ఉంచేది డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను. డుషేన్ వ్యాధిలో ఈ ప్రోటీను తయారు కాదు. నడిచినా, గెంతినా, మెట్లు దిగినా కండర కణాల పొర చిట్లుతుంది. కణం లోపల ఉండవలసిన పదార్థాలు రక్తంలోకి కారిపోతాయి. శరీరం చిట్లిన కణాలను బాగు చేసుకుంటూనే ఉంటుంది. కానీ కొన్నేళ్ళకు ఆ శక్తి తరిగిపోయి, కండరం ఉండవలసిన చోట కొవ్వు, నారలాంటి కణజాలం చేరుతుంది.

ఇలా రక్తంలో కనిపించి శరీరం లోపలి సంగతి మనకు తెలియజేసే పదార్థాన్ని సూచిక అంటారు. డాక్టర్లు బయోమార్కర్ అనే మాట వాడతారు. కండరాల క్షీణతలో రక్తం మనకు రెండు రకాల కబుర్లు చెబుతుంది. కండరం నలుగుతోందనేది ఒకటి. ఎందుకు నలుగుతోందనేది రెండవది. ఈ రెండూ వేరు వేరు పరీక్షలు. వీటిని కలిపి చూడడం వల్లనే చాలా చిక్కులు వస్తున్నాయి.

మొదటి కబురు: సి.కె. పరీక్ష

రిపోర్టులో మీరు చూసే ఆ పెద్ద అంకె క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైముది. పొట్టిగా సి.కె. అనీ, సి.పి.కె. అనీ రాస్తారు. కండరానికి శక్తి అందించే పనిలో ఇది సాయపడుతుంది. కండర క్షీణత రోగుల రక్తంలో ఇది ఎక్కువగా ఉంటుందని 1959లో జపాను శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి, ఆయన సహచరులు తెలియజేశారు. అరవై ఏళ్ళు దాటినా ఈ వ్యాధిని అనుమానించినప్పుడు మొదట చేయించే పరీక్ష ఇప్పటికీ ఇదే.

ఆరోగ్యవంతులలో ఇది సుమారు 200 యూనిట్ల లోపల ఉంటుంది. ల్యాబును బట్టి, వయసును బట్టి కొంచెం తేడా ఉండవచ్చు. డుషేన్ వ్యాధి ఉన్న పిల్లలలో ఇది పది రెట్లు మొదలు వంద రెట్ల వరకు ఉంటుంది. పుట్టినప్పటి నుండే ఎక్కువగా ఉంటుంది గనుక లక్షణాలు కనిపించకముందే వ్యాధిని పసిగట్టవచ్చు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో 1990 నుండి 2011 వరకు అప్పుడే పుట్టిన మగ శిశువులకు ఒక రక్తపు చుక్కతో ఈ పరీక్ష చేశారు.

ఈ పరీక్షకు పరగడుపున రావలసిన పని లేదు. అయితే కండకు ఇంజెక్షను వేయించుకున్న తరువాత, దెబ్బ తగిలిన తరువాత, బాగా పరుగెత్తి ఆడిన తరువాత కూడా సి.కె. తాత్కాలికంగా పెరుగుతుంది. థైరాయిడ్ లోపం ఉన్నా, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్నా కొందరిలో పెరుగుతుంది. కొద్దిగా పెరిగి ఉంటే కొన్ని రోజులు ఆగి మళ్ళీ చేయిస్తారు. వేలల్లో ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

కాలేయం జబ్బు అని పొరబడవద్దు

పిల్లవాడికి జ్వరమనో, ఆకలి లేదనో రక్త పరీక్ష చేయిస్తారు. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. ఎక్కువగా ఉన్నాయని రిపోర్టు వస్తుంది. కామెర్లు లేవు, కానీ "లివరు వాచింది" అనుకుంటారు. నెలల తరబడి లివరు మందులు, పసర్లు, పత్యాలు సాగుతాయి. అంకె తగ్గదు.

ఈ రెండు ఎంజైములూ కాలేయంలోనే కాదు, కండరంలో కూడా ఉంటాయి. కండరం నలిగినా ఇవి పెరుగుతాయి. అటువంటప్పుడు జి.జి.టి. అనే మరొక ఎంజైమును చూస్తే తేడా తెలుస్తుంది. అది కండరం నుండి రాదు. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. ఎక్కువగా ఉండి, జి.జి.టి. మామూలుగా ఉంటే, ముఖ్యంగా బిడ్డ తరచుగా పడిపోతూ ఉంటే, "ఒకసారి సి.కె. కూడా చూడమంటారా?" అని మీ డాక్టరును అడగండి. ఆ ఒక్క మాట వల్ల ఏళ్ళ తరబడి జరిగే తిరుగుడు తప్పవచ్చు.

కిడ్నీ పరీక్షలో కూడా ఇటువంటి చిక్కు ఉంది. క్రియాటినిన్ కండరం నుండే తయారవుతుంది. కండ తగ్గిన రోగిలో అది చాలా తక్కువగా ఉంటుంది. కిడ్నీ కొంత దెబ్బతిన్నా రిపోర్టు మామూలుగానే కనిపించవచ్చు. ఇటువంటి వారికి సిస్టాటిన్ సి అనే పరీక్ష మేలు.

అంకె తగ్గితే వ్యాధి తగ్గినట్టేనా?

కాదు. కుటుంబ సభ్యులు అన్నింటికంటె బాగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

సి.కె. చిన్న వయసులోనే అన్నింటికంటె ఎక్కువగా ఉండి, తరువాత ఏటేటా తగ్గుతూ వస్తుంది. ఏ మందూ వాడకపోయినా తగ్గుతుంది. మళ్ళీ టమోటా లారీనే తలచుకోండి. చాలా కాయలు నలిగిపోయి క్రేట్లు ఖాళీ అయితే రసం కారడం దానంతట అదే తగ్గుతుంది. అంతమాత్రాన క్రేటు బాగుపడినట్టు కాదు. నడక ఆగి పిల్లవాడు కుర్చీకి పరిమితమైనప్పుడు కండరానికి శ్రమ తగ్గుతుంది గనుక అంకె ఇంకా తగ్గుతుంది.

"మా మందు వాడితే మూడు నెలల్లో సి.కె. సగం అయింది" అని రిపోర్టులు చూపించి లక్షలు వసూలు చేసేవారు ఉన్నారు. వారి మాట నమ్మి పొలాలు అమ్ముకోవద్దు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆమోదం పొందిన కొద్ది జబ్బులకు తప్ప మిగతా వాటికి స్టెమ్ సెల్స్‌ను పరిశోధనలో భాగంగానే వాడాలని భారత వైద్య పరిశోధన మండలి 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. పరిశోధనలో పాల్గొనే రోగి నుండి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.

ఎన్ని యూనిట్లు ఉంటే అంత తీవ్రమని కూడా లెక్క కట్టకూడదు. 20,000 ఉన్న బిడ్డ 8,000 ఉన్న బిడ్డ కంటె చక్కగా నడుస్తూ ఉండవచ్చు. కాబట్టి వ్యాధి తెలిసిన తరువాత నెలనెలా సి.కె. చేయించవలసిన పని లేదు. బిడ్డ నేల మీద నుండి ఎన్ని సెకన్లలో లేస్తున్నాడు, ఆరు నిమిషాలలో ఎంత దూరం నడుస్తున్నాడు, ఊపిరి ఎంత పీల్చగలుగుతున్నాడు, ఎకో పరీక్షలో గుండె ఎలా ఉంది – వీటిని చూస్తేనే వ్యాధి ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

గుండె విషయంలో ఒక హెచ్చరిక. గుండెపోటు అనుమానంతో చేసే సి.కె.ఎం.బి., ట్రోపోనిన్ టి పరీక్షలు ఈ రోగులలో గుండె బాగున్నా ఎక్కువగా రావచ్చు. ట్రోపోనిన్ ఐ అనే పరీక్ష గుండె సంగతిని ఇంకా సరిగ్గా చెబుతుంది.

రెండవ కబురు: జన్యు పరీక్ష

కండరం నలుగుతోందని సి.కె. చెబుతుంది. ఎందుకు నలుగుతోందో చెప్పలేదు. ఆ సంగతి డి.ఎన్.ఎ. పరీక్ష చెబుతుంది. క్రేటు ఎందుకు పుచ్చిందో తెలియాలంటే దాన్ని తయారు చేసిన నమూనానే చూడాలి కదా.

డిస్ట్రోఫిన్ తయారు చేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. 1986లో అమెరికాలో లూయీ కుంకెల్ బృందం దీనిని కనిపెట్టింది. ఆ ప్రోటీనుకు 1987లో డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. మనిషి జన్యువులలో అతి పెద్ద వాటిలో ఇది ఒకటి. ఇందులో ఎక్సాన్లు అనే ముక్కలు 79 ఉన్నాయి. కుప్పం మీదుగా వెళ్ళే రైలును ఊహించుకోండి. 79 పెట్టెలూ ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి ఉన్నాయి. మధ్యలో కొన్ని పెట్టెలు పోయినా, మిగిలిన రెండు వైపుల కొక్కేలు ఒకదానికొకటి సరిపోతే పొట్టి రైలు ఎలాగో నడుస్తుంది. బెకర్ రకంలో ఎక్కువగా జరిగేది ఇదే. కొక్కేలు సరిపోకపోతే రైలు అక్కడే నిలిచిపోతుంది. అది డుషేన్ రకం.

ఈ పరీక్షకు కొద్ది మిల్లీలీటర్ల రక్తం చాలు. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో తీస్తారు. రక్తంలోని తెల్ల కణాల నుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షిస్తారు. మొదట ఎం.ఎల్.పి.ఎ. అనే పద్ధతిలో ఏ ముక్కలు పోయాయో, ఏవి రెండుసార్లు వచ్చాయో చూస్తారు. నలుగురు రోగులలో ముగ్గురికి సుమారుగా ఇక్కడే తప్పు దొరుకుతుంది. మిగిలిన వారిలో తప్పు చాలా చిన్నది, ఒక అక్షరం మారినంత. దానికి జన్యువును మొదటి నుండి చివరి దాకా చదివే సీక్వెన్సింగు చేయాలి. కాబట్టి "ఎం.ఎల్.పి.ఎ. నార్మల్" అని రిపోర్టు వస్తే వ్యాధి లేదని సంతోషించి ఆగిపోవద్దు. తరువాతి మెట్టు ఎక్కాలి.

వెనుకటి రోజులలో వ్యాధిని తేల్చడానికి కండ ముక్క కోసి పరీక్షించేవారు. ఇప్పుడు రక్తంలో జన్యువు తప్పు స్పష్టంగా దొరికితే చాలామందికి ఆ కోత అవసరం లేదు.

తల్లికి, అక్కచెల్లెళ్ళకు ఎందుకు పరీక్ష?

మగవానికి ఒకే ఎక్స్ క్రోమోజోము ఉంటుంది. దానిలో తప్పు ఉంటే వ్యాధి వస్తుంది. ఆడవారికి రెండు ఉంటాయి. ఒకటి చెడినా రెండవది ఆదుకుంటుంది. అటువంటి స్త్రీని వాహకురాలు అంటారు. ఆమెకు పుట్టే ప్రతి మగబిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం సగం. ప్రతి ఆడబిడ్డ వాహకురాలయ్యే అవకాశం సగం.

వ్యాధి ఉన్న పిల్లల తల్లులలో సుమారు మూడింట రెండు వంతుల మంది వాహకులు. మిగిలిన మూడింట ఒక వంతు మంది పిల్లలలో తప్పు కొత్తగా పుట్టినదే. ఎలా చూసినా ఇది తల్లి చేసిన పాపం కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో, గ్రహణం చూసినందుకో వచ్చినది కాదు. కోడలిని నిందించి పుట్టింటికి పంపే కుటుంబాలు ఈ మాట దయచేసి గ్రహించాలి. ఏ జన్యువు ఎవరికి చేరాలో ఎవరూ ఎంచుకోలేరు.

వాహకులలో సుమారు సగం మందికే సి.కె. ఎక్కువగా ఉంటుంది. అందువలన "తల్లికి సి.కె. నార్మల్, కాబట్టి భయం లేదు" అనుకోవడం పొరపాటు. బిడ్డలో దొరికిన తప్పును తల్లి డి.ఎన్.ఎ.లో వెదకడమే సరైన పద్ధతి. అందుకే బిడ్డ జన్యు పరీక్ష ముందుగా జరగాలి. బిడ్డ పరిస్థితి ముదిరింది, ఇక పరీక్ష ఎందుకని మానవద్దు. ఆ రిపోర్టు అతని పిన్నికి, అక్కకు, చెల్లెలికి పనికివస్తుంది. వాహకురాలని తేలిన స్త్రీ తన గుండెను కూడా అప్పుడప్పుడు ఎకో ద్వారా చూపించుకోవాలి.

తల్లి డి.ఎన్.ఎ.లో తప్పు కనిపించకపోయినా, కొద్దిమందిలో అండాలలో మాత్రం తప్పు దాగి ఉండవచ్చు. కాబట్టి మళ్ళీ బిడ్డను కనాలనుకుంటే గర్భం రాకముందే జన్యు వైద్యులను కలవండి. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం కూడా ఇటువంటి వ్యాధుల కోసం గుర్తింపు పొందిన కేంద్రాలలో గర్భస్థ పరీక్షకు అనుమతిస్తుంది.

మేనరికం వల్ల వస్తుందా?

మన ప్రాంతంలో అందరూ అడిగే ప్రశ్న ఇది. డుషేన్ రకానికి మేనరికం కారణం కాదు. ఆరోగ్యంగా ఉన్న మేనమామలో ఈ తప్పు ఉండదు. కాబట్టి అతనిని చేసుకున్నందువల్ల ప్రమాదం పెరగదు. పిల్ల తానే వాహకురాలైతే బయటి సంబంధం చేసినా ప్రమాదం అంతే.

కానీ నడుము, భుజాల కండరాలను పట్టే లింబ్ గర్డిల్ రకాలలో ఎక్కువ భాగం, వెన్నుపాము నరాల నుండి వచ్చే ఎస్.ఎం.ఎ. అనే మరొక జబ్బు తల్లి, తండ్రి ఇద్దరి నుండీ తప్పు వస్తేనే కలుగుతాయి. ఇటువంటివి మేనరికంలో ఎక్కువ. అటువంటి ఇంటిలో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం, ఆడ, మగ తేడా లేదు. ఎస్.ఎం.ఎ.లో సి.కె. మామూలుగానో, కొద్దిగా ఎక్కువగానో ఉంటుంది. ఏ రకమో తేలితేనే ఎవరికి ప్రమాదమో చెప్పగలం.

కొత్తగా వస్తున్న రక్త సూచికలు

సి.కె. కంటె నమ్మకమైన సూచిక కోసం ప్రపంచమంతటా వెదుకుతున్నారు. మైక్రో ఆర్.ఎన్.ఎ. అనే అతి చిన్న అణువులలో కండరానికి చెందిన కొన్ని ఈ పిల్లల రక్తంలో ఎక్కువగా ఉంటాయని 2011లో పరిశోధకులు ప్రకటించారు. 2015లో మరొక బృందం ఒకేసారి వెయ్యికి పైగా ప్రోటీన్లను కొలిచి, ఈ పిల్లలలో తేడాగా ఉన్న 44 ప్రోటీన్లను గుర్తించింది. టైటిన్ అనే కండర ప్రోటీను ముక్కలను మూత్రంలో కూడా కొలుస్తున్నారు. మందు పనిచేస్తోందో లేదో నెలలలోనే తెలుసుకోవడం వీటి ఉద్దేశం. ఇవి ప్రస్తుతం పరిశోధనలకే పరిమితం. మన ఊరి ల్యాబులో వీటి పేరుతో ప్యాకేజీలు అమ్మితే కొనవద్దు.

జన్యు రిపోర్టు మాత్రం చికిత్సకు కూడా దారి చూపుతుంది. ఫలానా ముక్కను దాటవేయించే మందులు, డిస్ట్రోఫిన్‌కు పొట్టి రూపాన్ని కండరానికి అందించే జన్యు చికిత్స విదేశాలలో కొందరికి ఇస్తున్నారు. ఇవి వ్యాధిని పూర్తిగా నయం చేయవు. ఖరీదు కోట్లలో ఉంటుంది. జన్యు చికిత్స పొందిన వారిలో 2025లో కాలేయం చెడి మరణాలు కూడా సంభవించాయి. నేడు మనకు అందుబాటులో ఉండి నడకను రెండు, మూడేళ్ళు పొడిగించగల మందు స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ గాని డెఫ్లజకార్ట్ గాని డాక్టరు పర్యవేక్షణలో వాడాలి, ఎప్పుడూ హఠాత్తుగా మానకూడదు. దానితో పాటు రోజూ కండరాలను సాగదీసే వ్యాయామం, గుండె, ఊపిరి పరీక్షలు, టీకాలు అవసరం.

ఎక్కడికి వెళ్ళాలి?

సి.కె. పరీక్ష పట్టణాలలోని ల్యాబులలో దొరుకుతుంది. జన్యు పరీక్షకు, సలహాకు వేలూరు సి.ఎం.సి., బెంగళూరు నిమ్‌హాన్స్, హైదరాబాదులోని నిమ్స్, సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలు ఉన్నాయి. కుప్పం వారికి బెంగళూరు రైలు సులభం. పుంగనూరు వారు పలమనేరు, చిత్తూరు మీదుగా వేలూరు చేరవచ్చు. ముందుగా మీ డాక్టరును అడగండి. కొన్నిసార్లు మనిషి వెళ్ళకుండా రక్త నమూనాను పంపినా సరిపోతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మస్క్యులర్ డిస్ట్రఫీ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 2024 జూలై నుండి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. వైకల్య ధ్రువపత్రానికి రోగ నిర్ధారణ కాగితాలు ఆధారమవుతాయి గనుక జన్యు రిపోర్టును భద్రంగా ఉంచుకోండి.

గుర్తుంచుకోండి

1. బిడ్డ నడక ఆలస్యమైనా, తరచుగా పడుతున్నా సి.కె. చేయించండి.
2. ఎస్.జి.పి.టి. ఎక్కువైతే అది ఎప్పుడూ లివరే కానక్కరలేదు.
3. సి.కె. తగ్గడం వ్యాధి తగ్గడం కాదు. ఆ అంకె కోసం మందులు కొనవద్దు.
4. జన్యు పరీక్ష ఒకసారి సరిగా జరిగితే చాలు. దాని ప్రతులు తల్లి తరపు బంధువులకు కూడా ఇవ్వండి.
5. ఏ ఆపరేషనుకైనా, పన్ను పీకించడానికైనా మత్తు ఇచ్చే ముందు ఈ జబ్బు ఉందని తప్పక చెప్పండి. కొన్ని మత్తు మందులు ఈ పిల్లలకు ప్రాణాపాయం.
6. బిడ్డను బడి మాన్పించవద్దు. కండరాలు బలహీనమైనా చాలామంది పిల్లలు చక్కగా చదువుకోగలరు.

రిపోర్టులోని అంకె చూసి భయపడవద్దు, అది తగ్గిందని మోసపోవద్దు. దాని అర్థం ఏమిటో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి. ఎన్నిసార్లయినా అడగండి, అది మీ హక్కు.